రాట్ ఎవరి భూతకాలం?

అనువాదాలు దిద్దే మిత్రుడొకడు ఆ మధ్య ఓ ఇంగ్లిషు వార్త పంపించాడు. ఏదో తుఫాను గురించి. అందులో 'రాట్ హ్యావక్' (wrought havoc) అన్న రెండు మాటల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద 'చూశావా వీళ్ల ఇంగ్లిషు!' అని రాశాడు. తుఫాను బీభత్సం చేసింది అని చెప్పాలంటే 'రీక్డ్ హ్యావక్' (wreaked havoc) అనాలట. రీక్ అనే క్రియకి భూతకాలం రీక్డ్. రాట్ దానికి ఏమీ కాదు, అది వర్క్‌కి పాతకాలపు భూతకాలం. పత్రికలవాళ్లు చెవికి దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకోటి తగిలించేశారు. అదీ అతని వాదన.

ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం. రాట్ పుట్టింది వర్క్‌కే, రీక్‌కి కాదు. అక్కణ్ణించి 'కాబట్టి ఇది తప్పు' అనే చోటికి అతను ఒక్క గెంతు గెంతాడు చూడండి, నా పేచీ ఆ గెంతుతోనే. చరిత్ర చూపించి ఒక వాడుకని కొట్టేసేవాళ్లు చాలాసార్లు ఆ చరిత్రని తమకి పనికొచ్చిన చోట ఆపేస్తారు. రాట్ కథ చివరిదాకా చదివితే 'రాట్ హ్యావక్' కొట్టేయాల్సిన మాటలా నాకు కనబడటం లేదు. ఆమాటకొస్తే, మావాడు సరైనదని నమ్మే 'రీక్డ్'కే చరిత్రలో చోటు కాస్త ఇరుకు.

పోలికే లేని జంట

వర్క్, రాట్ పక్కపక్కన పెడితే రెండూ ఒకే క్రియవంటే నమ్మబుద్ధి కాదు. రాట్‌లో మొదటి డబ్ల్యూ పలకదు, చివర జీహెచ్ పలకదు. ఏడక్షరాలు రాసి మూడు ధ్వనులతో సరిపెడతాం.

వెయ్యేళ్ల కిందట ఇందులో ఒక్క ధ్వని కూడా దండగ కాదు. పాత ఇంగ్లిషులో 'చేయు, తయారుచేయు, పని చేయు' అనే అర్థాలున్న క్రియని సుమారుగా 'వ్యుర్చన్' అని పలికేవారు. దాని భూతకాలం 'వొర్హ్‌తె'. అందులోని హ మన హకారం కాదు, గొంతు గీరుకుంటూ వచ్చే ధ్వని. ధాతువు చివర క, గ లాంటివి ఉండి, వాటికి భూతకాలపు త నేరుగా తగిలితే, ఆ క కాస్తా ఈ గీరుడు హ అయిపోయేది. ఇది వర్క్ ఒక్కదానికే పట్టిన వింత కాదు. సీక్–సాట్, థింక్–థాట్, బ్రింగ్–బ్రాట్, టీచ్–టాట్, బై–బాట్, అన్నీ ఈ కుదురులోవే. స్పెల్లింగులో బట్టీపట్టే ఆ జీహెచ్ అప్పటి ధ్వనికి మిగిలిన ఆనవాలు. జర్మన్‌లో బ్రింగెన్‌కి భూతకాలం 'బ్రాఖ్టె', డెంకెన్‌కి 'డాఖ్టె'. అక్కడ ఆ గొంతు ఇంకా వినబడుతుంది. ఇంగ్లిషువాళ్లు పలకడం మానేశారు గానీ రాయడం మానలేదు.

ఈ జట్టుని 'ఇర్రెగ్యులర్' పట్టికలో సింగ్–స్యాంగ్, డ్రింక్–డ్రాంక్‌ల పక్కన కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ మింగుడు పడదు. సింగ్‌లో మారేది అచ్చు. అక్కడ భూతకాల ప్రత్యయమంటూ ఏమీ లేదు. రాట్, థాట్, బ్రాట్ చివర ఉన్న టకారం మాత్రం ఈనాడు వాక్‌డ్, జంప్‌డ్‌ల చివర చేర్చే ప్రత్యయానికి తోబుట్టువు. అంటే ఇవి ఒకప్పుడు నియమం ప్రకారమే నడిచాయి. ఆ నియమం భాషలోంచి వెళ్లిపోయింది, ఇవి ఉండిపోయాయి. పట్టికలో ఈ తేడా కనబడదు.

మరి వొర్హ్‌తెలో అచ్చు తర్వాత ఉన్న రేఫ రాట్‌లో ముందుకెలా వచ్చింది? దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తెలుగువాళ్లకి దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. తమిళంలో ఉరల్ మనకి రోలు, అక్కడి ఇరండు మనకి రెండు. ఇంగ్లిషులో ఈ తారుమారు రెండు దిక్కులా నడిచింది. పిట్టని 'బ్రిడ్' అనేవాళ్లు పోనుపోను 'బర్డ్' అన్నారు. వొర్హ్‌తె ఎదురు దిక్కున తిరిగి 'వ్రొహ్‌తె' అయింది. పనివాడు అనే అర్థమున్న నామవాచకం కూడా దాని వెంటే తిరిగి, చివరికి 'రైట్' (wright) దగ్గర ఆగింది. షిప్‌రైట్, వీల్‌రైట్, కార్ట్‌రైట్‌లలో ఉన్నది ఈ రైటే. ప్లేరైట్‌లో ఉన్నదీ ఇదే. నాటకాలు రాస్తాడు కాబట్టి అది 'రాయు' అనే రైట్ అనుకునేవాళ్లు బోలెడుమంది, కానీ రెంటికీ సంబంధం లేదు. ఓడలు చేసేవాడు, బండిచక్రాలు చేసేవాడు, అలాగే నాటకాలు చేసేవాడు. 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిషు నాటకకర్త బెన్ జాన్సన్ ఈ మాటని ఎత్తిపొడుపుగానే వాడాడు, ఫలానావాడు కవి కాడు, నాటకాలు చెక్కుకునే పనివాడు అన్న ధోరణిలో. ఇప్పుడది గౌరవవాచకం.

టాట్ మిగిలింది, రాట్ ఎందుకు పోయింది?

14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిషు కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంలో ఓ మంచి పాదిరిని వర్ణిస్తాడు. ముందు తాను చేసి చూపించాడు, ఆ తర్వాతే బోధించాడు అంటాడు. 'చేశాడు' అన్నచోట ఉన్నది మన రాట్, 'బోధించాడు' అన్నచోట టాట్. వెంటనే తర్వాతి పాదంలో, ఈ మాటలు అతను సువార్తలోంచి పట్టుకున్నవే అంటూ క్యాచ్ భూతకాలం కాట్‌ని తెచ్చి టాట్‌తో ప్రాస కలుపుతాడు. ఒకే తీరు భూతకాలాలు మూడు, రెండు పాదాల్లో. జీహెచ్ గీరుడంతా వినబడేలా అప్పటి ఉచ్చారణలో చదివితే భలేగా ఉంటుంది.

ఆ మూడింట్లో ఇప్పటికీ రోజువారీ వాడుకలో మిగిలినవి టాట్, కాట్. రాట్ పక్కకి తప్పుకుంది. 15వ శతాబ్దంలోనే 'వర్క్‌డ్' అనే కొత్త భూతకాలం దాని పక్కన నిలబడి, క్రమంగా చోటంతా ఆక్రమించేసింది. తమాషా ఏమిటంటే క్యాచ్ అసలు ఇంగ్లిషు మాటే కాదు, ఫ్రెంచి నుంచి దిగింది. పట్టుకోవడం అనే అర్థమే ఉన్న లాచ్ అనే క్రియకి అప్పట్లో ఈ తీరు భూతకాలం ఉండేది. దాన్ని చూసి క్యాచ్ కూడా 'కాట్' అయింది. ఆ తర్వాత లాచ్ తన పాత రూపం పోగొట్టుకుని 'లాచ్‌డ్' అయింది. పైనుంచి వచ్చినది స్థిరపడింది, ఇంటివి రెండూ దారి మార్చుకున్నాయి.

ఎందుకిలా? దీనికి బాగా ప్రచారంలో ఉన్న జవాబు ఒకటుంది. తరచు వాడే క్రియల పాత రూపాలు నిలబడతాయి, అరుదుగా వాడేవి మరుగునపడి కొత్త ప్రత్యయం తెచ్చుకుంటాయి. 2007లో నేచర్ పత్రికలో ఎరెజ్ లీబర్‌మన్ బృందం దీన్ని లెక్కకట్టి చూపించింది కూడా. పాత ఇంగ్లిషులోని 177 క్రమం తప్పిన క్రియలు తీసుకుంటే, మధ్యకాలపు ఇంగ్లిషుకి వచ్చేసరికి 145 అలాగే ఉన్నాయి, ఇప్పటికి 98 మిగిలాయి. వందో వంతు మాత్రమే వాడే క్రియ పది రెట్లు వేగంగా దారికొస్తుందని వాళ్ల సూత్రం. ఈనాడు ఇంగ్లిషులో అత్యంత తరచు వాడే పది క్రియలూ క్రమం తప్పినవే అన్న సంగతి దీనికి బలం.

సూత్రం చక్కగా ఉంది. మొత్తం గుంపుని తీసుకుంటే నిజం కూడా. కానీ రాట్ దగ్గరికి వచ్చేసరికి బెడిసికొడుతుంది. టీచ్ కంటే, క్యాచ్ కంటే, సీక్ కంటే వర్క్ వాడకం చాలా ఎక్కువ. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంగ్లిషువాడి నోట్లో నానే క్రియ అది. వాడుకే కాపాడేదైతే సాట్ కంటే ముందు రాట్ బతకాలి. సాట్ హాయిగా ఉంది, రాట్‌ని మాత్రం ఎవరూ 'నిన్న ఆఫీసులో పని చేశాను' అనడానికి వాడరు.

దీనికి నాకు తోచే కారణం నామవాచకం. వర్క్ అనే క్రియ పక్కన వర్క్ అనే నామవాచకం ఎప్పుడూ ఉంది, క్రియకంటే బలంగా ఉంది. క్రియ పాత రూపంలో చకారం ఉందని పైన అన్నాను కదా. చాసర్ కాలంలో కూడా 'వెర్చె' లాంటి రూపాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ లెక్కన ఈరోజు టీచ్‌లో లాగా చివర చకారం పలకాలి. మరి కకారం ఎక్కణ్ణించి వచ్చింది? ముఖ్యంగా నామవాచకం నుంచి. అంటే వర్తమాన రూపాన్ని నామవాచకం అప్పటికే తనవైపు లాగేసింది. భూతకాలం కూడా ఆ వరసలోనే పోయిందంటే ఆశ్చర్యం లేదు. నామవాచకంలోంచి పుట్టినట్టు అనిపించే క్రియకి ఇంగ్లిషు ఎప్పుడూ మామూలు ప్రత్యయమే తగిలిస్తుంది. బేస్‌బాల్‌లో బంతిని గాల్లోకి లేపి దొరికిపోయిన ఆటగాడు 'ఫ్లైడ్ ఔట్' అవుతాడు, 'ఫ్లూ ఔట్' అవడు. ఎందుకంటే ఆ క్రియ ఎగరడంలోంచి కాక ఫ్లై బాల్ అనే పేరులోంచి వచ్చింది. కొండలు ఊరి చుట్టూ ఉంగరంలా ఉంటే 'రింగ్డ్' అంటారు, 'ర్యాంగ్' అనరు.

ఈ వాదనకి ఎదురుదెబ్బ నేనే వేసుకోగలను. రన్, డ్రింక్, ఫైట్ కూడా నామవాచకాలే కదా, మరి ర్యాన్, డ్రాంక్, ఫాట్ ఎందుకు చెక్కుచెదరలేదు? అందుకే నామవాచకం ఒక్కటే సరిపోదని ఒప్పుకోవాలి. రన్ పక్కన ర్యాన్ పెడితే పోలిక వెంటనే దొరుకుతుంది, హల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి. రాట్‌లో రేఫ స్థానం మారింది, కకారం మాయమైంది, ఆపైన గీరుడు హ కూడా పోయింది. చిన్నపిల్లలు వర్క్ నుంచి రాట్‌కి దారి కనుక్కోవాలంటే పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. థింక్–థాట్‌లో కనీసం మొదటి హల్లైనా చేయి వదలదు. ఇటు జంట విడిపోయి ఉంది, అటు నామవాచకం లాగుతోంది. ఈ రెండూ కలిసి పని చేశాయని నా నమ్మకం. వాడకం లెక్కలు దీన్ని పట్టుకోలేవు, ఎందుకంటే అవి ఎన్నిసార్లు వాడారో లెక్కపెడతాయి తప్ప ఏది దేన్ని గుర్తుకు తెస్తోందో చూడవు.

గంటసేపటి కూలి నుంచి టెలిగ్రాఫు దాకా

ఇప్పుడు రాట్ అంటే మనకి ఏదో గంభీరమైన, గ్రాంథికమైన మాట. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో దానికి ఏ దర్జా లేదు. ద్రాక్షతోట కూలీల కథ ఉంది కదా. పొద్దుటినుంచీ ఎండలో మాడినవాళ్లు, చివర్లో వచ్చినవాళ్లకీ అదే కూలి ఇస్తున్నారని సణుగుతూ, వీళ్లు పని చేసింది ఒక్క గంటేగా అంటారు. అక్కడ 'చేసింది' అన్న మాట రాట్. రూతు పొలంలో పరిగె ఏరుకుని ఇంటికొస్తే అత్త అడుగుతుంది, ఇవాళ ఎక్కడ పని చేశావమ్మా అని. అక్కడా రాటే, మధ్యమపురుష ప్రత్యయం తగిలించుకుని. పౌలు తనలాగే డేరాలు చేసే దంపతుల ఇంట్లో దిగి, వాళ్లతో కలిసి పని చేశాడు. మళ్లీ రాట్. చెమట, కూలి, పొలం. ఇంతకంటే నేలబారు క్రియ ఉండదు.

ఆ పుస్తకంలోనే సంఖ్యాకాండంలో బిలాము నోట ఒక ఆశ్చర్యవాక్యం ఉంది. దేవుడు ఎంతపని చేశాడు అని. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి టెలిగ్రాఫు తీగమీద లాంఛనంగా పంపిన తొలి సందేశం ఇదే: 'వాట్ హాత్ గాడ్ రాట్'. వాక్యాన్ని ఎంచి ఇచ్చింది పేటెంట్ల కమిషనర్ ఎల్స్‌వర్త్ కూతురు యానీ. అప్పటికి వీధిలో ఎవరూ హాత్ అనరు, పని చేశానని చెప్పడానికి రాట్ అనరు. ఆ వాక్యం బరువంతా ఆ పాతదనంలోనే ఉంది. అదే వాక్యంలో రాట్ తీసేసి వర్క్‌డ్ పెట్టి చూడండి, దేవుడు ఉద్యోగం చేసినట్టుంటుంది. 1611లో కూలీల నోట్లో ఉన్న మాట రెండు శతాబ్దాల్లో పీఠమెక్కి కూర్చుంది. అది అంత ఎత్తుకి పోవడానికి కారణం దాని అర్థం మారడం కాదు, కింద చోటు వర్క్‌డ్ తీసేసుకోవడం.

పీఠం ఎక్కిందన్నాను గానీ, రాట్ పూర్తిగా కింద పని మానలేదు. కొలిమి దగ్గర ఇంకా ఉంది. పోత ఇనుము అచ్చులో పోసి చేసేది, చేత ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, సాగదీసి చేసేది. చేత ఇనుమే ఇంగ్లిషులో 'రాట్ ఐరన్'. ఇక్కడ రాట్ అంటే దెబ్బలు తిన్నది అనే. ముద్దని కొట్టేకొద్దీ చిట్టెం పిండుకుపోతుంది, మిగిలిన కాస్తా ఇనుములో సన్నటి నారలా పరుచుకుంటుంది. కడ్డీని గాటుపెట్టి వంచి విరిస్తే కట్టెలా పీచుపీచుగా చీలుతుంది. పోత ఇనుము అయితే పుటుక్కున విరుగుతుంది. ఈఫిల్ టవర్ కట్టింది చేత ఇనుముతోనే. ఈరోజు రాట్ ఐరన్ అని అమ్మే గేట్లు, కుర్చీలు మాత్రం చాలావరకు మెత్తని ఉక్కు. 'రాట్' అంటే ఏమిటో తెలియక 'రాడ్ ఐరన్' అని రాసేవాళ్లూ తక్కువేం కాదు. కడ్డీలే కదా అని వాళ్ల తర్కం.

లోహశాస్త్రంలో ఇంకో చిత్రం ఉంది. అల్యూమినియం మిశ్రలోహాల్ని రెండు తెగలుగా విడదీస్తారు, పోతవి, 'రాట్'వి. పలకలుగా చదును చేసినవీ, అచ్చులోంచి తోసి పొడుగ్గా లాగినవీ, సుత్తి కింద సాగినవీ అన్నీ రాట్. అమెరికా పద్ధతిలో రాట్ తెగకి నాలుగంకెల పేరు, 6061 లాగా. పోత తెగకి మధ్యలో చుక్క, 356.0 లాగా. అదే ఇంజనీరు అదే లోహాన్ని చల్లగా ఉండగా చదును చేస్తే దాన్ని 'కోల్డ్ వర్క్‌డ్' అంటాడు. ఒకే క్రియకి రెండు భూతకాల రూపాలు, ఒకే నివేదికలో, ఒకదాని పని ఇంకోటి చేయకుండా. తెగ పేరు రాట్, జరిపిన పని వర్క్‌డ్.

ఓవర్‌వర్క్‌డ్, ఓవర్‌రాట్ చూడండి. విడగొడితే రెండింట్లో ఉన్న ముక్కలు అవే. కానీ మొదటివాడికి సెలవు ఇస్తే సరిపోతుంది, రెండోవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టాలి. ఓవర్‌రాట్‌గా ఉన్న శైలి అంటే మితిమీరి చెక్కిన శైలి. ఇలాంటి చోట రాట్‌ని వర్క్‌కి భూతకాలం అనడం పుట్టుక గురించి చెప్పడమే తప్ప, ఇవాళ్టి దాని ఉద్యోగం గురించి చెప్పడం కాదు. నిఘంటువులు దాన్ని విడిగా విశేషణం కింద చూపించడం అందుకే సబబు.

ఇక హ్యావక్ సంగతి

ఇప్పుడు మావాడి ఎర్రసున్నా దగ్గరికి వద్దాం.

హ్యావక్ ఒకప్పుడు యుద్ధంలో అరిచే అరుపు. ఇక దోచుకోండి అని సైన్యానికి ఇచ్చే సంకేతం, ఫ్రెంచి నుంచి వచ్చింది. ఆ మాట పక్కన ఏ క్రియ వాడాలన్నది ఎప్పుడూ ఒక్క తీరుగా లేదు. మొదట్లో దాన్ని 'అరిచేవాళ్లు'. కింగ్ జేమ్స్ బైబిల్‌లో సౌలు సంఘాన్ని నాశనం చేసిన చోట 'మేడ్ హ్యావక్'. ఇప్పటికీ 'ప్లే హ్యావక్' అంటారు. వీటితోపాటు 'వర్క్ హ్యావక్' అనే పలుకుబడి కూడా ఉండేది, 19వ శతాబ్దపు రాతల్లో అది వింతేమీ కాదు. హాని చేయడం, అద్భుతాలు చేయడం, మార్పు తేవడం వంటివాటికి వర్క్ వాడటం ఇంగ్లిషులో పాత అలవాటే. ఆ 'వర్క్ హ్యావక్'కి భూతకాలం ఏమిటి? రాట్ హ్యావక్. అంటే ఆ పత్రికవాళ్లు రాసిన మాటకి సొంత వంశం ఉంది. రీక్డ్ హ్యావక్‌ని చెడగొట్టగా వచ్చింది కాదది.

రీక్ సంగతికొస్తే, అది పాత ఇంగ్లిషులో 'తరుము, శిక్షించు, పగ తీర్చుకో' అనే అర్థాలున్న క్రియ. జర్మన్ 'రేఖెన్' దాని చుట్టమే. దేశం వదిలి తరిమేయబడ్డవాడు అనే అర్థంతో మొదలైన 'రెచ్' ఆ కుదురులోదే, అదే ఇప్పుడు దౌర్భాగ్యుడు అనే అర్థంలో మిగిలింది. చాలాకాలం రీక్ తర్వాత వచ్చేది పగ, కోపం. నష్టం కలిగించడం అనే అర్థం దానికి ఆలస్యంగా అంటుకున్నది. దాని భూతకాలం మొదట 'వ్ర్యాక్' లాంటిది, సింగ్–స్యాంగ్ మాదిరిగా అచ్చు మారే రకం. రీక్డ్ ఆ తర్వాత తయారైన రూపం. చరిత్ర ప్రకారమే నడవాలంటే రీక్డ్‌ని కూడా ఎర్రసున్నాలో పెట్టాలి మరి. మావాడు అందుకు ఒప్పుకోడు, ఒప్పుకోవక్కర్లేదు కూడా. వాడుక రీక్డ్‌ని ఆమోదించింది. సరే, అదే వాడుక రాట్ హ్యావక్‌ని ఆమోదిస్తే ఎందుకు కాదనాలి?

దీనికి అతను చెప్పిన జవాబు తీసిపారేయాల్సింది కాదు. ఇప్పుడు రాట్ హ్యావక్ అని రాసేవాడికి ఆ 19వ శతాబ్దపు పలుకుబడి తెలుసా అన్నాడు. తెలీదు. వాడి మనసులో ఉన్నది రీక్. దానికి భూతకాలం వెతికితే, సీక్‌కి సాట్ ఉన్నట్టే రీక్‌కి రాట్ అనుకుని రాశాడు. ఫలితం సరిగ్గా ఉన్నంత మాత్రాన దారి సరైనదవుతుందా?

కాదు, దారి వేరే. కానీ ఆ దారి ఇంగ్లిషుకి బాగా అలవాటైనది. 'వెంట్' అసలు గోకి భూతకాలం కాదు. వెండ్ అనే క్రియకి భూతకాలం అది, సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్ లాగానే. గోకి పాత ఇంగ్లిషులో 'ఎయొదె' అనే వేరే రూపం ఉండేది. 15వ శతాబ్దం నాటికి ఇంగ్లండు దక్షిణాన ఆ రూపం వెనకబడి, వెంట్ వచ్చి గో పక్కన చేరింది. స్కాట్లండువైపు అలా కాక గోకే ప్రత్యయం తగిలించుకుని 'గేడ్' అన్నారు. తన భూతకాలాన్ని పోగొట్టుకున్న వెండ్ కొత్తగా 'వెండెడ్' చేసుకుంది. రాట్ పరిస్థితీ ఇంచుమించు అదే. తల్లి వర్క్‌డ్‌తో సర్దుకుని రాట్‌ని వదిలేసింది. దిక్కులేని పిల్లని రీక్ దగ్గరికి తీస్తోంది. ఇది అన్యాయమనేవాళ్లు 'ఐ వెంట్' అనే ముందు కాస్త ఆలోచించాలి.

అయితే ఈ పోలిక మరీ సాగదీయకూడదు. గో గంటకి పదిసార్లు నోట్లోకి వచ్చే క్రియ, రీక్ అలా కాదు. పైగా దాని చేతిలో రీక్డ్ అనే ఎవరికైనా అర్థమయ్యే రూపం ఉంది. గోకి వెంట్ అవసరమైనంతగా రీక్‌కి రాట్ అవసరం లేదు. అందుకే వెంట్‌కి జరిగినంత పూర్తి దత్తత రాట్‌కి జరుగుతుందని నేననుకోను.

ఇంకో చిక్కు ఉంది. చుట్టరికమే ప్రమాణమైతే 'రెక్డ్ హ్యావక్' అని రాసేవాళ్ల సంగతేమిటి? అదీ బాగానే కనబడుతోంది. ఓడ బద్దలవడం అనే రెక్, రీక్ ఒకే మూలంలోంచి వచ్చినవే, అంటే రాట్ కంటే రెక్‌కే రీక్ దగ్గర చుట్టం. అయినా నేను రెక్డ్ హ్యావక్‌ని దిద్దుతాను. రెక్ చేస్తే ఉన్న వస్తువు నాశనమవుతుంది, నాశనాన్నే నాశనం చేస్తే మిగిలేది ఏమిటి? అర్థం నిలబడదు, వెనక పలుకుబడి కూడా లేదు. రాట్ హ్యావక్‌కి అర్థమూ ఉంది, పలుకుబడీ ఉంది. ధాతువుల చుట్టరికం కంటే ఈ రెండే ముఖ్యం.

అందుకే మావాడికి రాసిన జవాబులో గీత వేరేచోట గీశాను. వర్క్ ఇమడగల చోట రాట్ ఉంటే వదిలెయ్. రాట్ హ్యావక్, రాట్ చేంజ్, రాట్ డిస్ట్రక్షన్, వీటిల్లో దేన్నీ ముట్టుకోకు. పగ తీర్చుకున్నాడు అనే చోట 'రాట్ వెంజెన్స్' అని వస్తే మాత్రం దిద్దు. అక్కడ రీక్‌కి వందల ఏళ్ల హక్కుంది, చదివేవాడు ఎదురుచూసేదీ రీక్డే. దానికతను ఒప్పుకోలేదు. తుఫాను వార్తలో రీక్డ్ అనే దిద్ది పంపించాడట. దిద్దినందుకు నాకు అభ్యంతరం లేదు, రీక్డ్ కూడా మంచి మాటే. పక్కన 'తప్పు' అని రాశాడు చూడండి, అది కొట్టేయమన్నాను.